యాదవ్వ బొటనవేలు, లౌక్య అంగిలి

మా గల్లీలో ఎవరి మాటైనా తేటగా ఉంటే, ఆ గొప్ప తనదేనంటుంది యాదవ్వ. కరీంనగర్ బస్టాండులో "వేములవాడ, వేములవాడ" అని ఆ చివరిదాకా వినిపించేలా అరిచే కండక్టర్ కొండల్ గొంతు ఆమె చలవేనట. పెళ్ళిళ్ళలో మైకు దొరికితే వదలని భూమన్న కూడా ఆమె చలవే. అది గొప్పో నేరమో నాకైతే తెలియదు. ఇక నా సంగతి సరేసరి. పొద్దున కుట్టుమిషన్ ముందు కూర్చున్న దగ్గర్నుంచి జాకెట్లు కుట్టినంతసేపూ మాట్లాడుతూనే ఉంటాను. మా ఆయన తల పట్టుకుంటే, "నన్నేమంటవు? పోయి యాదవ్వత్తను అడుగు" అంటాను.

యాదవ్వ పసిపిల్లలకు స్నానం పోస్తుంది. అదే ఆమె పని. చొప్పదండి నుంచి కోడలిగా వచ్చినప్పుడు అత్త దగ్గర నేర్చుకుంది. మా వైపు ఏ ఇంట్లో బాలింత ఉన్నా, హిందువులైనా ముస్లింలైనా, కబురు ఆమెకే వస్తుంది. చిన్న పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె రుద్దుతుంది. సున్నిపిండితో నలుగు పెడుతుంది. తలను గుండ్రంగా ఒత్తుతుంది, ముక్కును సాగదీస్తుంది. నా తల గుండ్రంగానే ఉంది. ముక్కు గురించి మాత్రం మేమిద్దరం మాట్లాడుకోం.

అన్నింటికన్నా ముఖ్యమైన పని చివర్లో ఉంటుంది. బొటనవేలు బిడ్డ నోట్లో పెట్టి అంగిలిని మెల్లగా పైకి, పక్కలకు ఒత్తుతుంది. అంగిలి వెడల్పయితే నాలుక బాగా తిరుగుతుందట, నాలుక తిరిగితే మాట స్పష్టంగా వస్తుందట. ఆ వేలిని ఆమె చూసుకునే తీరు చూస్తే నవ్వొస్తుంది. గోరు మొదలంటా తీసేస్తుంది. ఆ చేత్తో పచ్చిమిరపకాయ ముట్టదు, కారం కలపదు. బిడ్డ తల్లులు ఆ వేలి కోసమే ఆమెను పిలిపిస్తారని ఆమె నమ్మకం. మా అందరి నమ్మకమూ అదే అనుకోండి.

యాదవ్వ కూతురు వినోద కాపురం మంథనిలో ఉండేది. మొదటి కాన్పుకు ఇక్కడికే వచ్చింది. మూడో నెల నిండేదాకా మనవరాలు లౌక్యకు యాదవ్వే స్నానం పోసింది, అంగిలి ఒత్తింది. తర్వాత పిల్ల మంథనిలో నాయనమ్మ దగ్గర పెరిగింది. అల్లుడు లక్ష్మణ్ మస్కట్ పోయాక, ఇక్కడ ఒక బట్టల దుకాణంలో పని దొరికి, వినోద కూతుర్ని వెంటబెట్టుకుని తల్లి దగ్గరికి వచ్చేసింది. ఇప్పుడు లౌక్యకు పదకొండేళ్ళు. నిద్రలో నోరు తెరుచుకుని గురక పెడుతుంది. పై పళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కాయి. నోరు మూస్తే పై దవడ పళ్ళు కింది పళ్ళ లోపలికి దిగిపోతున్నాయి.

పళ్ళ డాక్టరు దగ్గరికి పోవడానికి వినోద నన్ను తోడు పిలిచింది. "మంజులక్కా, నువ్వు రా. నీకు మాటలొస్తయి" అంది. యాదవ్వ పిలవకుండానే వచ్చి ఆటోలో కూర్చుంది.

డాక్టర్ ప్రణయ్ చిన్నవాడు, మా వైపు పిల్లవాడే. పెద్ద చదువు చదివొచ్చినా మన యాస పోగొట్టుకోలేదు. లౌక్య నోరు చూసి, ఎక్స్‌రే తీయించడానికి పక్క గదికి పంపాడు. మేము ముగ్గురం అతని ఎదురుగా కూర్చున్నాం. అతను కాగితం మీద ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"చిన్నప్పుడు నోట్ల బొటనవేలు పెట్టేదా?"

"పెట్టేది సార్" అంది వినోద. "ఎన్నిసార్లు వద్దన్నా ఇనకపోయేది."

"అందుకే. ఆ వేలే అంగిలిని పైకి నెట్టింది. పక్కలు ఇరుకైనయి. దవడ పెరగాల్సినంత పెరగలే."

వాళ్ళిద్దరూ లౌక్య గురించి మాట్లాడుతున్నారు. మంథనిలో ఉన్నప్పుడు పిల్ల వేలు చీకేది, బడికి పోయినా మానలేదు. కాని లౌక్య పేరు ఎవరూ అనలేదు. మనం అంటామా? పెట్టేదా అంటే పిల్ల అయినా పెట్టేదే, ముసలామె అయినా పెట్టేదే. యాదవ్వకు పిల్ల వేలు చీకిన సంగతే తెలియదు. ఆమెకు తెలిసిన బొటనవేలు ఒక్కటే. పైగా బాలింతగా ఉన్నప్పుడు వినోద ఒకసారి "వద్దవ్వా, పోరి ఏడుస్తుంది" అన్న మాట కూడా నిజమే. అదంతా కలిపి యాదవ్వ తనకు తాను శిక్ష వేసేసుకుంది.

ఆమె కుడి చెయ్యి కొంగులో దాచుకోవడం నేను చూశాను. ఏసీ గదిలో చలి పెడుతోందనుకున్నాను. నా తెలివి అంతవరకే.

డాక్టరు బల్ల మీద ఒక ప్లాస్టిక్ దవడ పెట్టి, దాని అంగిలికి ఒక పరికరం బిగించి చూపించాడు. రెండు పక్కలా పళ్ళను పట్టుకునే లోహపు పట్టీలు, మధ్యలో శనగగింజంత డబ్బీ. అంగిలి ఎముక మధ్యలో ఒక అతుకు ఉంటుందట. ఈ వయసులో అది ఇంకా గట్టిపడదట. పరికరం దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ పోతే, ఆ సందులో కొత్త ఎముక వచ్చి దవడ వెడల్పవుతుందట.

"పాత రకం వాటిని ఇంట్లోవాళ్ళే రోజూ చిన్న కడ్డీ పెట్టి తిప్పాలె" అన్నాడు. "ఇది కొత్తది. ఇండ్ల మోటరుంటది. దానంతట అదే తిరుగుతది. తిరిగినప్పుడల్లా మీ ఫోన్‌కు మెసేజ్ వస్తది."

యాదవ్వ ముందుకు వంగింది. "పాతదే పెట్టుండ్రి సారు. రోజు నేను తిప్పుత."

"ఎందుకవ్వా తిప్పలు? దీనికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు."

ఆయన మంచికే అన్నాడు. ఆమె మొహం చూస్తే చెంప మీద కొట్టినట్టుంది. తాను పాడు చేసిందాన్ని తన చేత్తోనే బాగు చేద్దామనుకుంది పాపం. ఆ చెయ్యే అక్కర్లేదన్నారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, కొత్త మిషన్ చూసి ముసలామె బెదిరిందనుకుని ఆటోలో ఆటపట్టించాను కూడా.

పరికరం పెట్టాక ఇంట్లో అంతా అయోమయమే. లౌక్య మాట ముద్దముద్దగా వచ్చేది. "సారు" అంటే "తారు" అని వినపడేది. రెండు మూడు రోజుల్లో అలవాటవుతుందని డాక్టరు ముందే చెప్పాడు. కాని ఊరందరి మాటలూ తీర్చిదిద్దానని చెప్పుకునే మనిషి ఇంట్లో మనవరాలు "అన్నం తాలు" అంటుంటే యాదవ్వకు ముద్ద దిగేది కాదు. దానికి తోడు ఆ ఫోను. సాయంత్రం వినోద దుకాణం నుంచి వచ్చి బ్యాగు గోడకు తగిలించగానే, అందులోంచి టింగుమని మోగేది.

"తిరిగిందవ్వా" అనేది వినోద.

"ఎవలు తిప్పిండ్రు?"

"ఎవలు తిప్పలే. అదే తిరిగింది."

"నోట్ల తిరిగితే ఫోన్ల ఎందుకు మోగుతుంది?"

వినోద నన్ను అడగమనేది. నన్నడిగితే నేనొక జవాబు చెప్పాను. అది నాకే అర్థం కాలేదు. యాదవ్వ పిల్ల పక్కన కూర్చుని, నోరు తెరవమని, లోపలికి తొంగి చూసేది. డబ్బీ కదిలినట్టు ఉండేది కాదు. చెయ్యి పెట్టబోయి, సగంలో వెనక్కి తీసుకునేది.

అదే రోజుల్లో ఆమె పని మానేసింది. మానేస్తున్నానని చెప్పలేదు. కబురు వస్తే నడుము నొప్పి అనేది, మోకాలు అనేది. మా ఇంటికి ఎదురుగా ఉండే అజీజా ఆపా కోడలు ఆఫ్రీన్‌కు కొడుకు పుట్టాడు. అజీజా స్వయంగా వచ్చి పిలిచినా యాదవ్వ కదలలేదు. "వేరేటోళ్ళను చూసుకో ఆపా" అంది. అజీజాకు కోపమొచ్చింది. ఆమెకు మోకాళ్ళు పట్టేసి కింద కూర్చోవడానికి రాదు. ఆఫ్రీన్‌కేమో నూనె రాసిన బిడ్డను పట్టుకోవాలంటే వణుకు. తడిగుడ్డతో తుడిచి సరిపెట్టుకుంటున్నారు. ఆ పిల్లవాడి ఏడుపు నా మిషన్ చప్పుడును మించి వినపడేది.

"ఏమైందత్తా?" అని అడిగాను.

"ఏం గాలే. నా చెయ్యి మంచిది గాదు" అంది.

నడుము మంచిది కాదంటే అర్థముంది, చెయ్యి మంచిది కాకపోవడమేమిటి? ఎంత గుచ్చి అడిగినా ఇంకో మాట రాలేదు. చివరికి నాకే కోపమొచ్చి, చెప్పకుంటే మానె అని మిషన్ తొక్కుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున లౌక్య చేయి పట్టుకుని యాదవ్వ మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది. "నోరు తెరువు బిడ్డా, చూపియ్యి" అంది. లౌక్య పళ్ళు ఇకిలించింది. పై వరసలో ముందు పళ్ళు రెండింటి మధ్య సందు. మొన్నటిదాకా లేదు. ఇప్పుడు అందులోంచి నాలుక కనపడుతోంది. నిజం చెప్పొద్దూ, నాకూ భయమేసింది.

"ఫోన్ చెయ్యి దాని తల్లికి" అంది యాదవ్వ. పండగ గిరాకీ అని వినోద ఆ రోజు కూడా దుకాణానికి పోయింది. నేను కలిపి ఇచ్చేసరికి యాదవ్వ ఫోన్‌ను నోటికి అడ్డంగా పట్టుకుని అరిచింది. "నీ ఫోన్ బంద్ చెయ్యే! పోరి నోరు రెండు ముక్కలైతుంది!"

"ఫోన్ బంద్ చేస్తే అది ఆగదవ్వా" అంటోంది అవతల వినోద. "గా సందు పడాలెనే. పడితేనే మంచిగ పనిచేస్తున్నట్టట. డాక్టర్ ముందుగాలనే చెప్పిండు. పరేషాన్ గాకు."

"పండ్లు దూరమైతే మంచిదా? నీకు సోయుందా?"

"తరువాత దగ్గరికస్తయట."

"దగ్గరికొచ్చేటియి దూరమెందుకు చేసిండు?"

వినోద దగ్గర గిరాకీ ఉంది, పెట్టేసింది. నేను ఇద్దరి మాటలూ విన్నాను. ఇద్దరిదీ సబబుగానే అనిపించింది, అదీ నా బాధ. లౌక్యను అడిగితే నొప్పేమీ లేదంది. ఆమెకు ఆ సందు నచ్చింది కూడా, అందులోంచి ఈల వేసి చూపించింది. యాదవ్వకు ఏడుపొచ్చేసింది. దవాఖాన ఆదివారం మధ్యాహ్నం దాకా ఉంటుందని నాకు తెలుసు. మిషన్ మీద గుడ్డ కప్పి, ఇద్దర్నీ ఆటో ఎక్కించాను.

డాక్టర్ ప్రణయ్ లౌక్యను కుర్చీలో పడుకోబెట్టి, లైటు వేసి చూశాడు. మొహం వెలిగిపోయింది. "మస్తు వచ్చింది! అతుకు విచ్చుకుంది. నేననుకున్నదానికంటే జల్దీ అయితుంది."

యాదవ్వ లేచి నిలబడింది. కొంగులోంచి చెయ్యి తీసి అతని ముందు చాపింది. "తప్పు నాది సారు. పోరిని ఏమనకుండ్రి, దాని తల్లిని ఏమనకుండ్రి. ఏలు పెట్టింది నేను."

డాక్టరు ఆమె చెయ్యి చూశాడు, నన్ను చూశాడు. నాకేం తెలుసు?

"ఎక్కడ పెట్టిండ్రవ్వా?"

"పోరి నోట్ల. పుట్టినప్పుడు. మూడు నెల్లు ఒత్తిన. ఎడల్పు అయితదనుకున్న, ఇరుకు చేస్తున్ననని తెల్వది. నా బిడ్డ వద్దన్నది, నేను ఇనలే. మీరే చెప్పిండ్రు గదా, గా ఏలుతోటే అంతా అయిందని."

అప్పుడు వెలిగింది నాకు. కొంగు, నడుము నొప్పి, మంచిది కాని చెయ్యి, అన్నీ ఒక్కసారి. ఇన్నాళ్ళూ ఈ మనిషి ఇంత బరువు మోస్తూ నా ఎదురుగానే తిరిగింది. ఇంత నోరున్న నేను సరిగ్గా ఒక్క ప్రశ్న అడగలేకపోయాను. నా మీద నాకు చెడ్డ కోపమొచ్చింది.

డాక్టరుకు అర్థం కావడానికి ఇంకా కొంచెం సేపు పట్టింది. ఈలోగా కుర్చీలోంచి లౌక్యే లేచి కూర్చుంది. "నువ్వు గాదు అమ్మమ్మా. నా ఏలు. నేనే చీకేదాన్ని, మంథనిల. నాయనమ్మ వేపాకు రుద్దినా చీకేదాన్ని." తన బొటనవేలు చూపించింది. కణుపు మీద చిన్న గట్టి మచ్చ ఇంకా ఉంది.

యాదవ్వ ఆ వేలిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తన వేలిని చూసుకుంది. "నిజంగనా సారు? నా ఏలు గాదా?"

"అయ్యో, కాదవ్వా! నేనడిగింది పాప గురించి. ఏండ్లకేండ్లు రాత్రింబవళ్ళు నోట్ల వేలుంటే గట్లైతది. మీరు తానం పోసినప్పుడు జరసేపు ఒత్తితే దవడ ఇరుకైతదా?"

యాదవ్వ స్టూలు మీద కూలబడి, కొంగుతో మొహమంతా తుడుచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నేను వీపు నిమిరాను. డాక్టరు నీళ్ళు తెప్పించాడు. అంతటితో లేచి వచ్చేసి ఉంటే బాగుండేది. కాని నీళ్ళు తాగాక ఆమె మొహంలోకి వెలుగొచ్చింది, చాలా రోజుల తర్వాత గర్వం కూడా వచ్చింది.

"అయితే నేను ఒత్తుడు మంచిదే గదా సారు? మా గల్లీల అందరికి నేనే ఒత్తిన. ఈమెకు నేనే ఒత్తిన. ఎట్ల మాట్లాడుతదో చూడుండ్రి."

డాక్టరు కొంచెం తటపటాయించాడు. అబద్ధం ఆడదామా వద్దా అని చూసినట్టున్నాడు. ఆడలేదు. "ఎముక గట్ల ఒత్తితే జరగదవ్వా. ఈ మిషన్ పట్టీలు రాత్రి పగలు పట్టుకోని గుంజితేనే గింత జరిగింది. మీరు ఒత్తితే చెడు గాలే, మంచి గూడ గాలే. మాటకు దానికి సంబంధం లేదు. అసలు పసిపిల్లల నోట్ల వేలు పెట్టకుంటేనే మంచిది. గోరు తగుల్తది, జబ్బులొస్తయి."

"ఏం గాలేదా? ఇన్నేండ్లల్ల?"

"ఏం గాలే" అన్నాడు, మెత్తగానే.

ఆటోలో లౌక్య మా ఇద్దరి మధ్య కూర్చుని ఈల వేస్తూ వచ్చింది. గీతాభవన్ చౌరస్తా దాటాక నేను ఉండబట్టలేక, "ఇగ ఫికర్ పోయింది గదా అత్తా?" అన్నాను.

"ఫికరు పోయింది బిడ్డా. దాని ఎంబడి నా పని గూడ పోయింది."

దేనికి సంతోషపడాలో దేనికి బాధపడాలో నాకూ తెలియలేదు. చెడు చేయలేదన్నందుకు దండం పెట్టాలి, మంచి చేయలేదన్నందుకు పోట్లాడాలి. రెండూ చెప్పింది ఒకే నోరు, ఒకే మాటలో. మరి కొండల్ గొంతో? భూమన్న మైకో? నేను దారి పొడుగునా లోలోపల వాదించుకుంటూనే వచ్చాను.

మర్నాడు పొద్దున యాదవ్వ అజీజా ఇంటికి పోయింది. ఎవరూ పిలవలేదు. ఆ బిడ్డ ఏడుపు వినలేక పోయానని తర్వాత చెప్పింది. వాళ్ళ వాకిలి నా మిషన్‌కు ఎదురుగానే కనుక అంతా కనపడింది. అజీజా మొదట మూతి తిప్పుకుంది, కాని గోరువెచ్చని నీళ్ళు మాత్రం గబగబా తెచ్చి పెట్టింది. యాదవ్వ పీట వేసుకుని కాళ్ళు చాపింది. నూనె రుద్దింది. సున్నిపిండి పెట్టింది. కాళ్ళూ చేతులూ సాగదీసింది. నీళ్ళు పోస్తుంటే బిడ్డ ఏడుపు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఆమె తువ్వాలు అందుకుంది.

"అరే, అంగిలి ఒత్తలే?" అంది అజీజా.

"ఒత్తను ఆపా. ఒత్తితే ఏం ఫాయిదా లేదట. డాక్టర్ చెప్పిండు. నోట్ల ఏలు పెట్టొద్దట."

"మరి నా కొడుకు సాద్‌కు ఎందుకు ఒత్తినవ్? ఇన్నేండ్ల సంది అందరికి ఎందుకు ఒత్తినవ్?"

"మంచిదనుకోని ఒత్తిన. గాదట."

ఇంత సూటిగా చెబుతుందని నేననుకోలేదు. మిషన్ ఆపేశాను. అజీజా నడుము మీద చెయ్యి పెట్టుకుంది. తిడుతుందనే అనుకున్నాను.

"చలో, ఒత్తకు" అంది. "రేపు జర జల్దీ రా. ఎండెక్కితే వీడు ఆకలికి ఆగడు."

గడపలో నిలబడి చూస్తున్న ఆఫ్రీన్, అత్త మాట పూర్తికాకముందే, "పెద్దమ్మా, రోజూ రావాలె. నాకు భయమైతుంది" అంది.

బిడ్డ యాదవ్వ కాళ్ళ మీదే నిద్రపోయాడు. తీసుకోమని ఆఫ్రీన్‌కు సైగ చేసింది, మళ్ళీ తనే వద్దని చెయ్యి ఊపింది. కాళ్ళు తిమ్మిరెక్కేదాకా అలాగే కూర్చుంది.

తర్వాత తడి చీరతోనే మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది. "రేపు గూడ రమ్మన్నరే" అంది.

"మంచిదే గదా అత్తా."

"అంగిలి ఒత్తనని చెప్పిన. అయినా రమ్మన్నరు." ఆమె వెనక్కి తిరిగి ఆ వాకిలి వైపు చూసింది. "ఎందుకు రమ్మన్నరో నాకు సమజైతలేదు మంజులా. కాని, పోత."